పాతాళం దాకా ఎంత దూరం? మీ ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో మహారాష్ట్రలోని లోనార్ సరస్సు గురించి రాశాం. ఉల్క పడి బసాల్టు రాతిలో (లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి) ఏర్పడ్డ 1.8 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి అది, 2020 జూన్‌లో ఉన్నట్టుండి గులాబీ రంగుకి మారి వార్తల్లోకి ఎక్కింది. ఆ వ్యాసం చూసి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. గ్రానైట్ క్వారీలు, మాంగనీసు గనులు పక్కనే పెట్టుకుని బతికే మనకి గోతులంటే ఆసక్తి ఉండటం సహజమే. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉంటే కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్ర: మాస్టారూ, మా ఊరి క్వారీ అంచున నిలబడి కిందకి చూస్తే కళ్లు తిరుగుతాయి. దీనికంటే పెద్ద గొయ్యి ప్రపంచంలో ఉందా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, టెక్కలి దగ్గర

జ: ఉంది బాబూ, చాలా పెద్దవే ఉన్నాయి. కానీ ముందు నువ్వు ఆ అంచున నిలబడటం మానెయ్. ఎందుకో చివరి ఉత్తరానికి జవాబులో చెబుతాను.

మనుషులు తవ్విన వాటిలో అందరూ ముందుగా చెప్పేది అమెరికాలో యూటా రాష్ట్రంలోని బింగమ్ కాన్యన్ రాగి గని. 1906లో మొదలుపెట్టి ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. అడ్డం నాలుగు కిలోమీటర్లు, లోతు 1,200 మీటర్ల పైమాటే. మీ వైపు వాళ్లకి మహేంద్రగిరి తెలుసు కదా, సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 1,501 మీటర్లు. అంత కొండనీ తెచ్చి బింగమ్ గొయ్యిలో నిలబెడితే పైకి కనబడేది మూడొందల మీటర్ల శిఖరమే. అక్కడి రాయిలో రాగి ఒక శాతం కూడా ఉండదు, అందుకే కాస్త రాగి కోసం కొండలకి కొండలే ఎత్తిపోస్తున్నారు.

ఆ గని ఫోటోలు చూస్తే ఒక తేడా నీకే తెలుస్తుంది. మీ క్వారీ గోడలు నిట్టనిలువుగా నున్నగా ఉంటాయి, బింగమ్‌లో పై నుంచి కింద దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. రాగి గనిలో రాయిని పేల్చి ముక్కలు చేస్తారు, ముక్కలైనా వాళ్లకి నష్టం లేదు. గ్రానైట్‌ని అలా పేలిస్తే దిమ్మ పగిలిపోయి ఎందుకూ పనికిరాదు. అందుకని నిలువుగా ఒక రంధ్రం, అడ్డంగా ఒక రంధ్రం వేసి, రెండూ లోపల కలిశాక వజ్రపు పూసలు గుచ్చిన తీగని వాటిలోంచి దూర్చి, రెండు కొసలూ కలిపేసి, పట్టాల మీద వెనక్కి జరిగే మెషీన్‌కి తగిలించి, నీళ్లు పోస్తూ కోస్తారు. ఆ కోత దగ్గర తెల్లటి బురద కారడం నువ్వు చూసే ఉంటావు. గోడ అంత నున్నగా రావడానికి కారణం ఆ తీగే.

మెట్లు ఉన్నంత మాత్రాన గని పదిలం అనుకోకు. 2013 ఏప్రిల్ 10 రాత్రి బింగమ్‌లో ఒక పక్క గోడ మొత్తం జారిపోయింది. గంటన్నర తేడాలో రెండుసార్లు జారింది, ఆ అదురుకి చుట్టుపక్కల చిన్న చిన్న భూకంపాలు కూడా నమోదయ్యాయి. ఇంత జరిగినా ఒక్క మనిషికి గాయం కాలేదు! గోడ మిల్లీమీటర్ల లెక్కన కదలడాన్ని రాడార్లతో ముందు నుంచీ కనిపెడుతూ, జారేలోపే పనివాళ్లందర్నీ బయటికి పంపేశారు. ఆ గొయ్యి సైజు కంటే నాకు ఈ సంగతే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది.

ప్ర: మా తాతగారు గరివిడి వైపు మాంగనీసు గనుల్లో పలుగు పట్టి పనిచేశారు. యంత్రాలు లేకుండా మనుషులే తవ్విన అతి పెద్ద గొయ్యి ఏది?
– చీపురుపల్లి పాఠకుడు

జ: మీ తాతగారి తరం చేసిన పని చిన్నదేం కాదండీ. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే విజయనగరం ప్రాంతంలో, 1892లో. మీరు అడిగిన గొయ్యి మాత్రం దక్షిణాఫ్రికాలో కింబర్లీ అనే ఊళ్లో ఉంది. 1871లో అక్కడ ఒక చిన్న గుట్ట మీద వజ్రాలు దొరికాయి. గుట్ట కాస్తా కొన్నాళ్లకే గొయ్యి అయిపోయింది. 1914 ఆగస్టులో తవ్వకం ఆపేసేటప్పటికి పలుగూ పారలతో తవ్విన లోతు 240 మీటర్లు, వెడల్పు 463 మీటర్లు. 2 కోట్ల 25 లక్షల టన్నుల మట్టీ రాయీ తీస్తే వచ్చిన వజ్రాలు 2,720 కిలోలు. లెక్క కట్టి చూడండి, టన్ను రాయికి గ్రాములో ఎనిమిదో వంతు కూడా రాలేదు.

మొదట్లో ఆ గుట్టని దాదాపు ముప్పై అడుగుల చదరాలుగా పంచుకున్నారు. పక్కపక్క చదరాల వాళ్లు ఎవరి వేగం వాళ్లది అన్నట్టు తవ్వడంతో ఒకరి చదరం పాతాళంలో, పక్కవాడిది ఇంకా పైనే ఉండేది. మధ్యలో దారి కోసం వదిలిన మట్టి గట్లు కూలి మనుషుల మీద పడ్డాయి. తర్వాత అంచు నుంచి ప్రతి చదరానికీ ఇనుప తీగలు లాగి బకెట్లలో మట్టి పైకి చేర్చేవారు. ఆ కాలపు ఫోటోల్లో గొయ్యి మొత్తం సాలెగూడు కప్పేసినట్టు ఉంటుంది. చదరాల యజమానులు ఎక్కువగా తెల్లవాళ్లు, లోపల దిగి తవ్వింది నల్లజాతి కూలీలు. వజ్రాలు దొంగిలిస్తారని వాళ్లని కాంపౌండ్లలో పెట్టి తాళం వేసి, ఒళ్లంతా వెతికేవారు. డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ 1888లో పుట్టింది ఇక్కడే. ఇప్పుడు ఆ గోతిలో కొంత మట్టి పూడి, కొంత నీళ్లు చేరి, పక్కనే మ్యూజియం పెట్టారు. చేత్తో తవ్విన వాటిలో అదే దేశంలోని జాగర్స్‌ఫోంటైన్ గనే పెద్దదని వాదించేవాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రెజిల్‌లో, ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడక ముందు ప్రపంచానికి వజ్రాలు వెళ్లింది ప్రధానంగా మన కృష్ణా తీరం నుంచే. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కొల్లూరు గనికి వచ్చి, అక్కడ అరవై వేల మంది దాకా పనిచేస్తున్నారని రాసుకున్నాడు. అక్కడ తవ్వినవి మనిషి రెండు నిలువుల లోతు గుంతలే, కింబర్లీలా ఒక్క పెద్ద గొయ్యి కాదు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

ప్ర: రష్యాలో బోరు వేస్తుంటే నరకంలోంచి అరుపులు వినిపించాయని, భయపడి మూసేశారని వాట్సాప్‌లో ఆడియో తిరుగుతోంది. నిజమేనా సార్?
– బొబ్బిలి పాఠకుడు

జ: అబద్ధమండీ, శుద్ధ అబద్ధం. 1989 ప్రాంతంలో అమెరికాలో ఒక మతపరమైన టీవీ ఛానల్ ప్రసారం చేసిన కట్టుకథ, ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చింది. కానీ బోరు మాత్రం నిజంగానే ఉంది, దాని అసలు కథ ఆ అరుపుల కథ కంటే ఎంతో బాగుంటుంది.

నార్వే సరిహద్దుకి దగ్గరలో కోలా ద్వీపకల్పం ఉంది. 1970 మే 24న అక్కడ సోవియట్ శాస్త్రవేత్తలు తవ్వకం మొదలుపెట్టారు. చమురు కోసమో బంగారం కోసమో కాదు, భూమి లోపల ఏముందో చూద్దామని, అంతే. 1989 నాటికి 12,262 మీటర్లకి దిగారు. నిలువు లోతులో ఇప్పటికీ దాన్ని మించింది లేదు. పన్నెండు కిలోమీటర్ల బోరు కదా, మూతి ఎంత పెద్దదో అనుకుంటాం. దాని వెడల్పు 23 సెంటీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాలు. మన పొలాల్లో వేసే ఆరున్నర అంగుళాల బోరు కంటే కొంచెం పెద్దది! మనిషి కాలు పట్టొచ్చేమో గానీ మనిషి దిగే గొయ్యి కాదు. అంత పొడుగు గొట్టాన్ని పైనుంచి తిప్పితే విరిగిపోతుంది కాబట్టి, గొట్టంలోకి గట్టి ఒత్తిడితో బురద ద్రవాన్ని పంపి, దాని తోపుతో అడుగున ఉన్న బిట్, అంటే రాయిని తొలిచే మొన మాత్రమే తిరిగేలా చేశారు.

లోపల దొరికినవి చూస్తే పుస్తకాల్లో రాసుకున్నవి కొట్టేసుకోవాల్సి వచ్చింది. ఏడు కిలోమీటర్ల దగ్గర గ్రానైట్ అయిపోయి బసాల్టు మొదలవుతుందని భూకంప తరంగాలను బట్టి లెక్క వేశారు. బసాల్టు రాలేదు. వేడికీ ఒత్తిడికీ రూపు మారిన గ్రానైటే, పగుళ్లతో, ఆ పగుళ్ల నిండా నీళ్లతో ఉంది. అంత లోతున నీరు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆరు కిలోమీటర్ల లోతున కంటికి కనబడనంత చిన్న జలజీవుల శిలాజాలు దొరికాయి. ఇక అడుగున వేడి వంద డిగ్రీలు ఉంటుందనుకుంటే 180 డిగ్రీలు వచ్చింది. ఆ వేడికి రాయి మెత్తబడి, బిట్ పైకి లాగగానే రంధ్రం మళ్లీ పూడుకుపోతుండేది. 1992లో తవ్వకం ఆపేశారు. ఆపింది వేడి, ఆ తర్వాత డబ్బుల్లేకపోవడం. దెయ్యాలు కాదు. ఇప్పుడు అక్కడ తుప్పు పట్టిన ఇనుప మూత ఒకటి బోల్టులతో బిగించి ఉంది.

ప్ర: మాస్టారూ, ఇక్కడి నుంచి నిటారుగా తవ్వుకుంటూ పోతే అటువైపు ఎక్కడ తేలతాం? అమెరికాలోనా?
– ఆరో తరగతి పాప, ఆమదాలవలస

జ: అమెరికాలో కాదు తల్లీ, నీళ్లలో తేలతావు! శ్రీకాకుళానికి సరిగ్గా భూమి అవతలి వైపు ఉన్నది దక్షిణ పసిఫిక్ మహాసముద్రం, పెరూ తీరానికి పడమరగా రెండు వేల కిలోమీటర్ల పైనే దూరంలో. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. అలాంటి సొరంగం నిజంగా ఉండి, లోపల గాలి లేకుండా ఉంటే, ఇక్కడ వదిలిన రాయి నలభై నిమిషాల్లో అటువైపు చేరిపోతుంది. మధ్య దాకా వేగం పెరుగుతూ, అక్కడి నుంచి తగ్గుతూ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. భూమి కేంద్రం దాకా 6,371 కిలోమీటర్లు. పై జవాబులో చెప్పిన బోరు అంత కష్టపడి పోయింది అందులో 12 కిలోమీటర్లు. మిగతాది నీ తరానికి వదిలేశారు.

ప్ర: గ్వాటెమాలాలో రోడ్డు మధ్య బావిలా భూమి కుంగి మేడని మింగేసిన ఫోటో చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మేం కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడ అలా జరుగుతుందా?
– రాజాం గృహిణి

జ: ఆ ఫోటో ఎవరికైనా భయం పుట్టిస్తుందమ్మా. గ్వాటెమాలా నగరంలో 2010లో అగాథా తుపాను వానలకి ఏర్పడింది ఆ గొయ్యి, 20 మీటర్ల వెడల్పుతో మూడంతస్తుల ఫ్యాక్టరీని మింగేసింది. ఆ ఊరు అగ్నిపర్వతాలు చిమ్మిన బూడిద, నురుగు రాయి పొరల మీద ఉంది, అది గట్టిపడని వదులు నేల. కింద మురుగు కాలువ గొట్టాలు కారి కారి, ఆ నీరు బూడిదని కొంచెం కొంచెంగా కొట్టుకుపోయి లోపల గుల్ల చేసింది. పైన రోడ్డు పైకప్పులా మిగిలి, చివరికి కూలింది. అక్కడే 2007లో కూడా ఇలాంటిది ఒకటి వచ్చింది.

వేరే చోట్ల ఇలా కుంగడానికి ఎక్కువగా కారణం సున్నపురాయి. వాన నీటిలో ఉండే కొద్దిపాటి ఆమ్లానికి అది వేల ఏళ్లలో కరిగి లోపల గుహలు పడతాయి, పైకప్పు పలచబడితే కూలుతుంది. చైనాలో షియావోజాయ్ అనే చోట అలా ఏర్పడిన గొయ్యి లోతు 662 మీటర్లు, అందులో అడవీ ఏరూ ఉన్నాయి. మన రాష్ట్రంలోనూ జరిగింది. 2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో గుండ్రటి గోతులు పడి ఊళ్లవాళ్లు హడలిపోయారు. అదీ సున్నపురాయి నేలే.

మీ జిల్లాలో నేల కింద ఎక్కువగా ఉన్నది ఖోండలైట్, చార్నకైట్, గ్రానైట్ జాతి రాళ్లు. కోణార్క గుడి కట్టింది ఖోండలైట్‌తోనే. ఇవి నీటికి కరిగే రాళ్లు కావు. కాబట్టి గ్వాటెమాలా లాంటిది మీ ఇంటి కింద వస్తుందని భయపడక్కర్లేదు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పాత నుయ్యి పూడ్చి దాని మీద కట్టారా, పక్కన ఎప్పుడో వదిలేసిన గని తవ్వకం ఉందా, మంచినీళ్ల గొట్టమో సెప్టిక్ ట్యాంకో కారి పునాది పక్క మట్టి కొట్టుకుపోతోందా, ఇవి చూడండి. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకోవడం, గోడల మీద ఏటవాలుగా పగుళ్లు రోజురోజుకీ పెరగడం, పెరట్లో నేల పళ్లెంలా దిగి నీరు నిలవకుండా ఇంకిపోవడం కనిపిస్తే వెంటనే ఇంజినీర్ని పిలవండి. అవేవీ లేకపోతే నిశ్చింతగా పడుకోండి.

ప్ర: సముద్రంలో కూడా గోతులుంటాయా? మా నాన్న వేటకి వెళ్తారు, ఎప్పుడూ చూడలేదంటున్నారు.
– కళింగపట్నం యువకుడు

జ: మీ నాన్నగారు చెప్పింది నిజమే, ఇక్కడ లేవు. బెలీజ్ దేశం దగ్గర కరీబియన్ సముద్రంలో ఒకటి ఉంది, గ్రేట్ బ్లూ హోల్ అంటారు. అడ్డం 318 మీటర్లు, లోతు 124 మీటర్లు. లోపల బొర్రా గుహల్లో ఉన్నట్టే పైనుంచి వేలాడే సున్నపు స్తంభాలు ఉన్నాయి. నీళ్లలో అవి ఏర్పడవు, పైనుంచి చుక్క చుక్క పడితేనే పెరుగుతాయి. అంటే మంచుయుగంలో సముద్రం వంద మీటర్లకి పైగా కిందకి దిగినప్పుడు అది పొడి గుహ. తర్వాత పైకప్పు కూలింది, సముద్రం ఎక్కేసింది. ఆ కాలంలో మన తీరం కూడా ఇప్పుడున్న చోట లేదు, మీ నాన్నగారు వల వేసే చోట నేల ఉండేది.

ప్ర: తుర్క్‌మెనిస్తాన్‌లో ఎప్పుడూ మండే గొయ్యి సంగతి చెప్పండి.
– పార్వతీపురం పాఠకుడు

జ: దర్వాజా గ్యాస్ గొయ్యి. కారాకుమ్ ఎడారిలో 70 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతు. సోవియట్ కాలంలో గ్యాస్ కోసం తవ్వుతుంటే నేల కుంగిందనీ, విషవాయువు పాకకుండా నిప్పు పెడితే ఆరలేదనీ 1971 నాటి కథగా చెబుతారు, తేదీలపై భిన్నాభిప్రాయాలున్నాయి. 2013లో కెనడా అన్వేషకుడు జార్జ్ కూరూనిస్ వేడిని తట్టుకునే దుస్తులతో అడుగుకి దిగి మట్టి తెస్తే, అందులో కూడా బ్యాక్టీరియా బతికి ఉంది. అంత గ్యాస్ వృథా అవుతోందని 2022లో అక్కడి అధ్యక్షుడు దాన్ని ఆర్పమని ఆదేశించాడు.

ప్ర: మా ఊరి చివర పని ఆపేసిన క్వారీలో నీళ్లు నిండి చెరువులా ఉంది. సెలవులొస్తే పిల్లలు ఈతకి పోతున్నారు. ఎంత చెప్పినా వినరు, "ఈత వచ్చు కదా అమ్మా" అంటారు. ఏం చేయాలి?
– ఓ తల్లి, మెళియాపుట్టి వైపు

జ: అమ్మా, ఈ నెల వచ్చిన వాటిలో నేను మళ్లీ మళ్లీ చదివిన ఉత్తరం మీది. ముందుగా పిల్లలకి మీరు చెప్పగలిగేలా కారణాలు రాస్తాను. "వద్దు" అంటే వినరు గానీ, ఎందుకో తెలిస్తే కొందరైనా ఆగుతారు.

ఊరి చెరువుకి గట్టు నుంచి నడుస్తూ దిగితే మోకాళ్లు, నడుము, ఛాతీ అని లోతు నెమ్మదిగా పెరుగుతుంది. క్వారీలో అలా ఉండదు. రాయి కోసినప్పుడు గోడ పక్కన మెట్టులా మిగిలిన బెంచి మీద నిలబడితే మోకాలి లోతే, ఒక్క అడుగు ముందుకేస్తే ఇరవై అడుగులో నలభై అడుగులో. నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి అడుగు దగ్గరే ఉన్నట్టు కనబడుతుంది. పైన ఎండకి గోరువెచ్చగా ఉన్నా, గాలీ అలలూ లేని లోతు నీరు పైనీటితో కలవదు, రెండు మనుషుల లోతు దాటితే చల్లగా ఉంటుంది. పైనుంచి దూకిన పిల్లాడికి ఆ చలికి ఊపిరి ఎగదన్నుతుంది, కండరాలు పట్టేస్తాయి. ఈత వచ్చినా అప్పుడు పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, అలసిపోయాక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తీగతో కోసిన గోడ నున్నగా, పాచి పట్టి ఉంటుంది. నీళ్ల కింద వదిలేసిన దిమ్మలు, ఇనుప చువ్వలు కనబడవు. అంచున ఉన్నది రాయి కాదు, పక్కకి తోసి పోసిన వదులు మట్టి. వాన పడితే మనిషితో సహా జారుతుంది. టెక్కలి బాబుని అక్కడ నిలబడొద్దన్నది అందుకే.

ఎవరైనా మునుగుతుంటే వెనకాలే దూకొద్దని కూడా పిల్లలకి చెప్పండి. ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరు ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది. తాడు, వెదురు గడ, చీర, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది విసరాలి, అరవాలి, 112కి ఫోన్ చేయాలి.

ఇక పెద్దవాళ్లు చేయాల్సింది. తవ్వుకున్నవాళ్లు తవ్వుకుని వెళ్లిపోతే ఆ గొయ్యి ఎవరిదీ కాదన్నట్టు వదిలేయడం నాకు ఎంతమాత్రం నచ్చని విషయం. నీళ్లు నిండిన పాత గొయ్యి ఎంత ప్రమాదమో సైబీరియాలో మీర్ వజ్రాల గని చూపించింది. 525 మీటర్ల లోతు ఉన్న ఆ గోతిలో తవ్వకం 2001లో ఆపి, దాని కింద సొరంగాలు వేసి పనిచేస్తుంటే, 2017 ఆగస్టులో పై గోతిలోని నీరు సొరంగాల్లోకి విరుచుకుపడింది. వంద మందికి పైగా బయటపడ్డారు, ఎనిమిది మంది దొరకనే లేదు. సరిచేసుకున్న చోట్లూ ఉన్నాయి. జర్మనీలో లుసాటియా ప్రాంతపు పాత బొగ్గు గోతుల అంచుల్ని ఏటవాలుగా మార్చి, నీళ్లు నింపి సరస్సులుగా చేశారు. ఇంగ్లండ్‌లో ఒక పాత మట్టి గనిలో పెద్ద పెద్ద గాజు గోపురాల్లాంటివి కట్టి తోటలు పెంచారు, 2001 నుంచి జనం టికెట్ కొనుక్కుని వెళ్లి చూస్తున్నారు. మనకి అంత అక్కర్లేదు, ముందు కంచె చాలు.

వదిలేసిన గని గొయ్యి చుట్టూ కంచె ఉండాలని గనుల భద్రతా నిబంధనల్లోనే ఉంది. గనుల వల్ల ఇబ్బంది పడే ఊళ్ల కోసం 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి కూడా ఉంది, దాన్నుంచి అడగొచ్చు. లీజు ఎవరిది, ఎప్పుడు ముగిసింది, మూసివేత ప్లాన్ ఉందా అని గనుల శాఖని సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామసభలో తీర్మానం చేయించి, నలుగురైదుగురు తల్లులు కలిసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్లండి, ఒక్కరే వెళ్లొద్దు. అర్జీలో సర్వే నంబరు, గొయ్యి నుంచి బడికీ ఇళ్లకీ ఎంత దూరమో, అంచు కనబడే ఫోటోలు తప్పకుండా పెట్టండి, రసీదు తీసుకోండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే మాకు రాయండి, నేనే రాసి పంపిస్తాను. కంచె పడేలోపు ఈ వేసవి వచ్చేస్తుంది కాబట్టి, దారికి అడ్డంగా ముళ్లకంప వేయించి, నీళ్ల దగ్గర ఒక పొడుగాటి తాడు, రెండు ఖాళీ క్యాన్లు కట్టి ఉంచే పని మాత్రం రేపే చేయించండమ్మా.